మాటయు నౌషధమే

శుశ్రూష యనగా వేళకు మందిచ్చుటయు, కట్టు కట్టుటయు, జ్వరము చూచి వ్రాసికొనుటయు మాత్రమేయని మనలో పెక్కుమంది తలంతురు. ఆ పనులు చేతికి అలవాటైన వచ్చును. రోగితో నెట్లు మాటలాడవలెనో, రోగి నోరువిడిచి చెప్పనిదానిని ఎట్లు గ్రహింపవలెనో నేర్చుట అంతకంటె కష్టము. ఈ మాసము మేము ముచ్చటింపదలచినది దానిని గూర్చియే.

విశాఖపట్టణమున కింగు జార్జి ఆసుపత్రి 1923 వ సంవత్సరమున వెలసినది. ఉత్తరాంధ్రమునందలి పేదలకు అది పెద్ద దిక్కు. 1933 లో రేవు తెరవబడినది; పిదప ఉక్కు కర్మాగారము వచ్చినది. వానితోపాటు ఒరియా, హిందీ, బెంగాలీ మాటలాడు కుటుంబములును ఈ పట్టణము చేరినవి. పాడేరు, అరకు కొండలనుండి వచ్చువారిలో కొందరి యింటిభాష కువి. ఇందరి నడుమ పని నేర్చుకొను నర్సు విద్యార్థినికి తరచుగా ఇరువది యేండ్లయినను నిండియుండవు.

ఆమె చదువు ఇంగ్లీషున సాగును. నొప్పులలోని భేదములకు పుస్తకమున ఇంగ్లీషు పేర్లు కలవు. కాని మంచముమీది అవ్వ “సలుపుచున్నదమ్మా” యనును గాని ఆ పేర్లు చెప్పదు. మంట వేరు, పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు. అన్నిటిని నొప్పియని ఒక్కమాటలో వ్రాసికొన్నచో వైద్యునికి సగము సంగతియే చేరును.

రోగికి తెలియునట్లు గుసగుసలాడుటయు, లేనిపోని ఆశలు కల్పించుటయు హానికరమని ఫ్లారెన్సు నైటింగేలు 1859 లోనే వ్రాసినది. రోగికిని పరిచారికకును గల సంబంధమే శుశ్రూషకు మూలమని అమెరికా దేశపు హిల్డెగార్డ్ పెప్లో 1952 లో ఒక గ్రంథమే రచించినది. ఆచరణలో ఇవి చిన్న సంగతులే. “పదునాలుగవ మంచము” అని పిలువక పేరుతో పిలుచుట; తాతవంటి వానిని “నువ్వు” అనకుండుట; ప్రశ్న వేసి, జవాబు వచ్చువరకు ఊరకుండుట; ఇంటికి పోవునాడు మాత్రలు ఎప్పుడెప్పుడు వేసికొనవలెనో తాను చెప్పి, మరల రోగిచేత చెప్పించుట. “తెలిసినదా?” యని యడిగిన, తెలియకున్నను మనవారు తల యూపుదురు. తిరిగి చెప్పించిననే నిజము బయటపడును.

వీనికంటె కష్టమైనది మరియొకటి కలదు. మందు పరిమాణమునందు పొరపాటున్నట్లు విద్యార్థినికి తోచినదనుకొందము. పెద్ద నర్సునో వైద్యునో అడుగుటకు ఆమెకు జంకు. ఈ జంకు ఎక్కడ పుట్టినది? మన యిండ్లలోనే. పెద్దలకు ఎదురు చెప్పరాదని, ఆడపిల్ల గొంతు వినబడరాదని బాల్యమునుండి మనమే నేర్పితిమి. ఇంటిలో అణకువయని మెచ్చుకొన్న మౌనము వార్డులో ఒక ప్రాణమును తీయవచ్చును. “అయ్యా, ఈ మోతాదు మరియొకసారి చూడుదురా?” యని వినయముతో అడుగుట ధిక్కారము కాదు. ఆ ప్రశ్నను మన్నించి వినుట పెద్దల ధర్మము.

కావున తల్లులారా! మీ కుమార్తెను ఈ విద్యకు పంపదలచిన, భోజనమువేళ ఆమె సందేహమును ఆమెనే చెప్పనిండు, నడుమ అడ్డుపడకుడు. మర్యాదతో కాదనుట ఎట్లో ఇంటనే అభ్యసింపనిండు.

రోగి బంధువులుగా మనకును కర్తవ్యము కలదు. కోవిడు దినములలో వైద్యసిబ్బందిపై దౌర్జన్యములు పెచ్చుపెరుగగా, వానిని జామీను దొరకని నేరములుగ జేయుచు 2020 ఏప్రిలులో ఆర్డినెన్సు తేవలసివచ్చినది. ఇది మనకు సిగ్గుచేటు. రాత్రియంతయు నిలుచుండి పనిచేసిన బాలికను కసరుటకు ముందు ఒక్క నిముషమాగి, “అమ్మా, మావానికెట్లున్నది?” యని యడుగుడు. నెమ్మదిగా అడిగినవారికి నెమ్మదిగా చెప్పుట ఆమెకును సులభమగును. చదువరులు ఆలోచింతురుగాక.