కొబ్బరికాయ యేల నిలుచును?

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల యెర్ర చెలకలలో తరచుగా కనబడు ఒక భౌతిక వింతను గురించి శాస్త్రజ్ఞులు చాలినంత శ్రద్ధ వహించినట్లు నాకు తోచదు. ఒక మనిషి పిలకగల కొబ్బరికాయను అరచేతిలో అడ్డముగా పెట్టుకొని చెలకలో నడుచును. ఒకచోట కాయ దిగ్గున లేచి నిలుచును. అదే బోరు పాయింటు!

ఈ లోపమును తీర్చుటకై నేనొక సిద్ధాంతమును ప్రతిపాదించుచున్నాను. మన అంగడిలోని కాయ చాలవరకు యే కోనసీమ కాలువగట్టుననో పుట్టినది. దానిని లారీకెక్కించి ఈ మెట్టసీమకు తెచ్చినప్పుడు దానికి పుట్టింటి బెంగ పట్టుకొనును. నూరడుగుల లోతున నీరు కదలగానే, కాయ కడుపులోని నీరు తన తోబుట్టువును గుర్తుపట్టి లేచి నిలుచును. దీనికి 'జలబాంధవ్యాకర్షణ'మని పేరు పెట్టినాను. అట్లయితే నీళ్లబిందె ప్రక్కన కాయ యేల నిలువదని ఒక మిత్రుడు ప్రశ్నించినాడు. బిందెలోని నీరు కూర్చున్నచోటికే కనబడును, లేచి చూడవలసిన పని లేదని బదులు చెప్పినాను.

నవ్వవద్దు. ప్రచారములో నున్న సిద్ధాంతములు దీనికేమియు తీసిపోవు. ఓ పాజిటివ్ రక్తముగలవారి చేతిలోనే కాయ పలుకునని ఇప్పుడు కొందరందురు. మనలో అది అతి సామాన్యమైన గ్రూపులలో నొకటి గనుక, జలశాస్త్రజ్ఞులకు లోటు లేదు!

మా బావమరిది చెలకలో జరిగినది చెప్పెదను. ఎండిన బత్తాయి చెట్ల నడుమ పెద్దయ్య యొకరు కాయతో నడిచినారు. కాయ లేచినది. "రెండించుల నీళ్లు ఖాయం బిడ్డా" అన్నారు. అప్పు తెచ్చి బోరుబండిని పిలిచినాము. మూడువందల అడుగులకు తెల్లని దుమ్ము వచ్చినది. "ఇంకో నూరు పోనియ్యి" అన్నారు. నాలుగువందలకును దుమ్మే. "గడియ మంచిది గాదు బిడ్డా" అని వారు వెళ్లిపోయినారు. ఆనాడు మాకు దక్కిన నీరు, పూజలో కొట్టిన కాయలోనిది మాత్రమే.

మరునాడు నేనే మరొక కాయను పట్టినాను. పెద్దయ్య గీసిన గుర్తు దగ్గరకు రాగానే, నేను కదలించకయే అది నిలిచినది! నా యొళ్లు జలదరించినది. "బావా, ఒక్కసారి ఆగు" అని బావమరిది నా కన్నులకు తువాలు కట్టి, నాలుగుసార్లు త్రిప్పి విడిచినాడు. ఈసారి కాయ మూడుచోట్ల నిలిచినది. వానిలో ఒకటియు పాత గుర్తు కాదు.

కాయకు కన్నులు లేవు, నాకున్నవి. రహస్యమంతయు అదే. అడ్డముగా నున్న కాయ అరచేయి రవ్వంత వంగినను లేచును. లేవవలెనని మనసున నున్నప్పుడు, మనకు తెలియకయే కండరము ఆ రవ్వంత పని చేయును. ఫ్రెంచి రసాయనజ్ఞుడు షెవ్రోల్ 1833లో దారమునకు వ్రేలాడు గుండును పట్టుకొని ఈ సంగతియే కనిపెట్టినాడు. 1853లో మైకేల్ ఫారడే, దయ్యములు త్రిప్పునవనుకొన్న బల్లలను పరీక్షించి, వానిపై చేతులుంచినవారే తెలియక నెట్టుచున్నారని చూపినాడు. కనుక ఆ పెద్దయ్య మోసగాడు కాడు. తన చేతిని తానే నమ్మినవాడు.

మరి కొన్ని బోరులలో నీరెట్లు పడును? మన క్రిందనున్నది మిక్కిలి పురాతనమైన నల్లరాతి నేల. నీరు పైనున్న శిథిలపు పొరలోను, దాని క్రింది రాతి పగుళ్లలోను నిలుచును. ఆ పగులు తగిలినవాడు కాయకు మ్రొక్కును, తగులనివాడు తన నుదుటిని నిందించును. కాయకెప్పుడును ఓటమి లేదు. పైగా, పడిన నీటిలో ఫ్లోరిన్ ఉన్నదో లేదో కాయ చెప్పదు. పటికతో, సున్నముతో ఫ్లోరిన్‌ను తీసివేయు విధానము 'నల్లగొండ పద్ధతి' యను పేర లోకమునకు తెలిసినదన్నచో, ఆ నీరు ఈ జిల్లాలో యెందరి యెముకలను వంచినదో ఊహించుకొనవచ్చును.

వరాహమిహిరుడు తన బృహత్సంహితలో చెట్లను, పుట్టలను చూచి నీటిజాడలు చెప్పినాడు. అందు తప్పులుండవచ్చును గాని, ఆయన చూపు నేలమీద నున్నది, అరచేతిమీద లేదు. నేటి భూగర్భశాస్త్రజ్ఞుడు నేలలోనికి విద్యుత్తు పంపి నిరోధమును కొలుచును. అతడును పొరపడును. కాని తన పొరపాటును వ్రాసి పెట్టుకొనును. శాస్త్రమునకును, కాయకును గల భేదమంతయు ఆ వ్రాతలోనే యున్నది.

అందుచేత నాదొక చిన్న మనవి. ప్రతి గ్రామపంచాయతీలో ఒక పుస్తకముంచవలెను. పాయింటు చూపినది కాయయా, యంత్రమా, ఎన్ని అడుగులు పోయినది, నీరెంత పడినది, అప్పెంత అయినది—ఇవన్నియు అందు వ్రాయవలెను. పడిన బోరులతోపాటు ఎండిన బోరులును అందులో నుండవలెను. కొన్ని యేండ్లు గడచిన పిదప ఆ పుస్తకమును రచ్చబండ కడ అందరియెదుట చదివింపుడు. అప్పుడును కాయ నిలిచెనా, నా జలబాంధవ్య సిద్ధాంతమును నేను నిజముగనే అచ్చువేయింతును. అంతవరకు, కొత్త బోరుకు అప్పు తీసికొనబోవు రైతు కాయను పట్టినవాని కన్నులకు ఒక తువాలు కట్టి చూడవలెను. అందుకు ఖర్చేమియు లేదు.