వీసా కన్నా ముందు హునర్

కొంతకాలం క్రితం జుమా నమాజు ముగించుకుని వస్తుంటే, నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడి తండ్రి మసీదు మెట్ల దగ్గర నన్ను ఆపాడు. "మౌల్వీ సాబ్, అబ్బాయికి వీసా వచ్చింది. ఒకసారి చూసి దువా చేయండి" అంటూ ఒక కాగితం చేతికిచ్చాడు. ఎలక్ట్రీషియన్ ఉద్యోగమని ఏజెంటు చెప్పాడట. ఇంట్లో నగలు కుదువపెట్టి 1,20,000 రూపాయలు కట్టారట.

కాగితం అరబీలో ఉంది. వీసా రకం అన్నచోట 'జియారా' అని ఉంది. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో జియారత్ అంటే తెలియనివారు ఎవరు? చూడడానికి వెళ్లేవారికి ఇచ్చే వీసా అది. దానిమీద పని చేయడం అక్కడ నేరం. ఆ మాట చెబితే ఆయన ముఖం పాలిపోయింది. "ఏజెంటు మా బావమరిదికి చుట్టమే, మోసం చేయడండీ" అన్నాడు.

'మనవాడే కదా' అన్న ఈ ఒక్క మాట మన కుటుంబాలను ఎంత నష్టపరుస్తోందో ఆలోచించాలి. పొరుగూరికి పిల్లనివ్వాలంటే పదిమందిని విచారిస్తాం. పరాయి దేశానికి కొడుకును పంపేటప్పుడు మాత్రం రసీదు అడగడానికి మొహమాటపడతాం.

గల్ఫ్ పాతకాలపు గల్ఫ్ కాదని కూడా గుర్తించాలి. సౌదీ అరేబియా 2011లో 'నితాఖాత్' పథకం తెచ్చి, ప్రైవేటు కంపెనీలు తమ దేశస్థులకు నిర్ణీత శాతం ఉద్యోగాలు ఇవ్వాలన్నది. 2017 జూలై నుంచి విదేశీ ఉద్యోగుల భార్యాబిడ్డలపై నెలనెలా రుసుము మొదలుపెట్టింది. తలకు 100 రియాళ్లతో మొదలైన ఆ రుసుము ఏటా 100 చొప్పున పెరిగి 2020 నాటికి 400కు చేరింది. అక్కడ కాపురాలున్న మనవాళ్లు ఎందరో భార్యాబిడ్డలను ఇంటికి పంపేశారు. ఆ తర్వాత నైపుణ్య పరీక్ష వచ్చింది. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్, ఏసీ మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్ వంటి పనులకు వెళ్లేవారు ముందే పరీక్ష రాసి, చేసి చూపించి నెగ్గాలి. వెళ్లాక నేర్చుకుందాంలే అనే రోజులు పోయాయి. హునర్ ఉన్నవాడికి గిరాకీ ఉంది, లేనివాడికి దారి ఇరుకైపోతోంది.

ఇక 'ఆజాద్ వీసా' సంగతి. పేరుకే ఆజాద్. కాగితం మీద కఫీల్ ఒకరు, పని చేయించుకునేది మరొకరు. పట్టుబడితే కూలికి శిక్ష తప్పదు. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం, కొన్ని షరతులతో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. ఆనాటి ఆ సంస్కరణ ఇంటి పనివారికీ, ఇంటి డ్రైవర్లకూ వర్తించలేదు. మన ప్రాంతాల నుంచి ఆ పనులకు వెళ్లేవారు ఎందరో ఉన్నారు.

కాబట్టి వెళ్లదలచినవారు కొన్ని విషయాలు చూసుకోవాలి. మొదటిది, ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు ఉందో లేదో ఇంట్లో పదో తరగతి పిల్లవాడైనా చూసి చెప్పగలడు. రెండవది, ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగేవాడు చట్టాన్ని దాటుతున్నట్టే. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. మూడవది, వీసాలో రాసిన పని, ఒప్పందంలోని పని, నోటితో చెప్పిన పని మూడూ ఒకటే కావాలి. అరబీ రాకపోతే మీ వీధి మసీదు ఇమాం సాబ్‌కు చూపించండి. నాలుగవది, పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరం. వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా. విజిట్ వీసా మీద వెళ్లినవాడు ఈ రక్షణలన్నీ పోగొట్టుకుంటాడు.

నర్సింగు చదివిన ఆడపిల్లల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గల్ఫ్ దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని కేంద్రం 2015లో నిబంధన పెట్టింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంకాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ముందు అక్కడ విచారించడం మేలు.

మరి హునర్ ఎక్కడ నేర్చుకోవాలి? మదర్సాలో చదివినవారు, చదువు మధ్యలో మానేసినవారు నిరాశపడనక్కరలేదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా ఉర్దూలోగానీ తెలుగులోగానీ పదో తరగతి రాయవచ్చు. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంలో ఐటీఐ, పాలిటెక్నిక్ నడుపుతోంది. ఏళ్ల తరబడి పని చేస్తున్నా సర్టిఫికెట్ లేని మేస్త్రీలు, మెకానిక్కుల కోసం, వచ్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఏజెంటుకు కట్టే సొమ్ములో కొద్ది భాగంతో ఒక సర్టిఫికెట్ చేతికి వస్తుంది. అది ఇక్కడా పనికొస్తుంది, అక్కడా పనికొస్తుంది.

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అప్పు లావాదేవీలను రాసుకోవాలి, సాక్షులను పెట్టుకోవాలి అని అది చెబుతుంది. నమాజుల్లో, తరావీహుల్లో దాన్ని వింటూనే ఉంటాం. కానీ చుట్టం చేతిలో లక్ష రూపాయలు పెట్టేటప్పుడు ఒక్క కాగితం రాయించుకోం. రాయించుకోవడం అనుమానం కాదు, అల్లాహ్ ఆజ్ఞ. నిజాయితీ ఉన్న ఏజెంటు దానికి నొచ్చుకోడు.

ఆ కుర్రవాడు వెళ్లలేదు. పెద్దమనుషులు కూర్చుంటే సగం సొమ్మే తిరిగివచ్చింది. రసీదు లేనందువల్ల మిగతాది అడిగే దారి లేకపోయింది. అబ్బాయి ఇప్పుడు ఏసీ మెకానిక్ పని నేర్చుకుంటున్నాడు. నన్ను చూస్తే ఇప్పటికీ ముభావంగానే సలాం చేస్తాడు. నగలు ఇంకా విడిపించలేదని తండ్రి చెప్పాడు. మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణానికి సిద్ధమవుతుంటే, డబ్బు కట్టకముందే ఆ కాగితం ఒకసారి చదివించండి. కట్టిన తర్వాత చదివితే దువా తప్ప మా చేతిలో ఏమీ ఉండదు.