పేరు మీది... పట్టా ఎవరిది?

"పత్రిక మానేసి పేర్లు అమ్ముకుంటున్నావటగా!" అని తిరుపతిలో తెలిసినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. నిజమే. 2020లో కరోనా దెబ్బకు పత్రికల్లో పేజీలు తగ్గాయి, విలేకరుల కొలువులూ తగ్గాయి. జిల్లా వార్తలు రాసిన నేను అప్పట్నుంచి డొమైన్ పేర్లు కొని అమ్ముతున్నాను. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు కదా అని చాలామంది ఆడవాళ్లు దీని గురించి ఆరా తీస్తున్నారు. అందుకే ఇందులో లాభమెంతో, చిక్కేమిటో చెబుతాను.

డొమైన్ పేరంటే ఇంటర్నెట్‌లో మన చిరునామా. డాట్ కామ్ 1985 నుంచీ ఉంది. మన దేశపు డాట్ ఇన్ 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. రిజిస్ట్రార్ కంపెనీకి ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు కడితే, ఎవరూ తీసుకోని పేరు మనదవుతుంది. కొన్నామంటాం గానీ నిజానికిది కౌలు. గడువులోగా మళ్లీ కట్టకపోతే పేరు చేజారిపోతుంది.

ఆశ ఎంత, అసలు ఎంత?

బిజినెస్ డాట్ కామ్ 1999లో 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇలాంటి కథలు విని ఈ వ్యాపారంలోకి దిగేవాళ్లే ఎక్కువ. కానీ వంద పేర్లు పెట్టుకుంటే, ఒక్కటీ అమ్ముడుపోకున్నా ఏటా లక్ష రూపాయలు కట్టాల్సిందే. చీటీ డబ్బులో, నగ తాకట్టు డబ్బులో పెట్టి చేసే వ్యాపారం కాదిది.

పత్రికలో నేర్చిన హెడ్డింగు విద్య ఇక్కడ పనికొస్తుంది. పేరు పొట్టిగా ఉండాలి, ఫోన్‌లో ఒక్కసారి చెబితే తప్పు లేకుండా రాసుకోగలగాలి. తెలుగు మాటలతో ఇక్కడే తంటా. తిరుపతినే ఇంగ్లీషులో కొందరు 'టి'తో, కొందరు 'టి హెచ్'తో ముగిస్తారు. అందుకే తెలుగు పేరు పెట్టుకునేవాళ్లు రెండు రకాల స్పెల్లింగులూ తీసుకోవడం మంచిది.

పరాయి పేరుతో పేచీ

వార్త వాసన పసిగట్టి పేరు పట్టేయడం తెలివే గానీ, దానికీ హద్దుంది. 2024లో అందరూ చెప్పుకున్న సంగతే చూడండి. రెండు కంపెనీలు కలుస్తాయని ఊహించి, ఢిల్లీ యువకుడొకరు జియోహాట్‌స్టార్ డాట్ కామ్ ముందుగానే తీసుకున్నారు. కేంబ్రిడ్జిలో చదువు ఖర్చు ఇస్తే పేరు ఇచ్చేస్తానన్నారు. కంపెనీ ఒప్పుకోలేదని ఆయనే చెప్పారు. తర్వాత ఆ పేరు వేరేవాళ్ల చేతికి వెళ్లింది. పరాయివాళ్ల పేరును దురుద్దేశంతో పట్టుకుంటే వెనక్కి తీసుకునే విధానం 1999 నుంచి అంతర్జాతీయంగా ఉంది. డాట్ ఇన్‌కూ అలాంటిదే ఉంది. ట్రేడ్‌మార్కుకు ఉండే రక్షణ డొమైన్ పేరుకూ వర్తిస్తుందని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 'తిరుపతి లడ్డూ' అని పేరు తీసుకుని అమ్ముకుందామనుకుంటే అదీ కుదరదు. ఆ లడ్డూకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పేరుతో ఎంత మోసం చేయొచ్చో మన కొండ మీద భక్తులకు తెలుసు. 2023లో టి.టి.డి. ఫిర్యాదు మీద కేసు నమోదైన నకిలీ వెబ్‌సైటు 41వది. అసలు చిరునామాలో చుక్కలున్న చోట అందులో చిన్న గీతలు పెట్టారు. చివర 'గవ్ డాట్ ఇన్' బదులు 'డాట్ ఆర్గ్' ఉంది. హడావిడిలో ఎవరు గమనిస్తారు? దర్శనం టికెట్టుకు డబ్బు కట్టేముందు చిరునామాలో చివరి ముక్క చూడండి. 'గవ్ డాట్ ఇన్' ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. 2024 జనవరి నుంచి టి.టి.డి. వెబ్‌సైటు టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్.

తాళం ఎవరి దగ్గర?

ఈ వ్యాపారంలో నేను ఎక్కువగా చూసే కష్టం ఇంకోటి. శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు వేసే ఆమె, చిత్తూరులో మామిడి ఊరగాయలు పెట్టే ఆమె వెబ్‌సైటు కావాలనుకుంటారు. మరిదికో, కంప్యూటర్ సెంటర్ కుర్రాడికో డబ్బిస్తారు. అతను తన పేరున, తన ఈ-మెయిల్‌తో డొమైన్ రిజిస్టర్ చేస్తాడు. కష్టం ఆమెది, పట్టా అతనిది. అతను ఊరు మారినా, మాట పట్టింపు వచ్చినా, ఏళ్ల తరబడి సంపాదించుకున్న ఖాతాదార్లు వచ్చే దారి మూసుకుపోతుంది. పొలం పాసుపుస్తకంలో పేరు ఎవరిదని అడగడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం. ఇదీ అలా అడగాల్సిందే.

కాబట్టి వెబ్‌సైటు పని ఎవరికైనా ఇవ్వండి, కూలీ పూర్తిగా ఇవ్వండి. కానీ యజమానిగా మీ పేరుండాలి. ఈ-మెయిలూ, ఫోన్ నంబరూ మీవై ఉండాలి. పాస్‌వర్డు మీ దగ్గరుండాలి. గడువు తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. ఇప్పటికే వేరేవాళ్ల పేరున ఉంటే, సంబంధాలు బాగున్నప్పుడే మీ పేరుకు మార్పించుకోండి. పేర్లు అమ్మి లాభపడేది కొందరే. సొంత పేరు కాపాడుకోవాల్సిన అవసరం మాత్రం వ్యాపారం చేసే ప్రతి ఆడదానికీ ఉంది.