మోడెమ్ ఆపి వేస్తే తీగ బాగుపడదు

"మోడెమ్ ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి సార్." టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ వాడిన కోనసీమ ఇళ్లలో ఈ మాట విననివాళ్లు అరుదు. వాన పడితే నెట్ పోతోందండీ అన్నా ఇదే జవాబు. రిసీవర్ ఎత్తితే గరగరమంటోందన్నా ఇదే. ఫోన్ మోగగానే పోతోందన్నా ఇదే. ఏ రోగం చెప్పినా ఒకే మాత్ర చేతిలో పెట్టే డాక్టర్ని ఊళ్లో ఉండనిస్తామా?

ఫోన్ మోగితే నెట్ పోవడం మాయేమీ కాదు, పచ్చి సాక్ష్యం. మామూలుగా లైన్లో ఉండేది 48 వోల్టుల డీసీ. గంట మోగించడానికి ఎక్స్ఛేంజి దాని మీద 75 వోల్టుల ఏసీ పంపుతుంది. చిలుం పట్టిన జాయింటు ఆ దెబ్బకు క్షణం చెదిరినా చాలు, మోడెమ్ పట్టు తప్పుతుంది. లేదంటే ఇంట్లో స్ప్లిట్టర్ లేదు, మేడ మీది పారలల్ ఫోన్ నేరుగా లైన్లో కలిపేశారు. మాటలు 4 కిలోహెర్ట్‌జ్ లోపు నడుస్తాయి, ఏడీఎస్ఎల్ నెట్ 25 నుంచి 1,104 దాకా. ఆ రెంటినీ విడదీసేది అరచేతిలో పట్టే ఆ డబ్బాయే. అది పెట్టకుండా కనెక్షన్ ఇచ్చేసి, పై ప్లానుకు మారమని చెప్పడానికి నోరెలా వస్తుంది?

లోపం గుమ్మం బయట ఉంటే మరీ అన్యాయం. రెండు రాగి తీగల్ని మెలేసేది అందానికి కాదు. రెంటి మీదా సమానంగా పడ్డ రొద ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలని. ఒక తీగ జాయింటు పాడైతే ఆ సమతూకం పోతుంది. ఇక మోటార్ల రొద, చౌక ఎల్ఈడీ బల్బుల రొద, ఆఖరికి 837 కిలోహెర్ట్‌జ్ మీద వచ్చే మన విజయవాడ రేడియో కూడా నెట్ దారిలోకే వచ్చి పడతాయి. డెల్టాలో కేబుల్ ఎక్కడ పాతారు? కాలవ గట్ల పక్కన, నీళ్లూరే నల్లమట్టిలో. అంతర్వేది వైపు ఉప్పుగాలి అదనం. ఈ నేలలో నీళ్లు దూరని జాయింటు వెయ్యడమే అసలు పని. ప్లాస్టిక్ సంచి చుట్టి తాడు కట్టి పోతే దాన్ని రిపేరు అనరు.

పని తెలిసినవాళ్లు లేకపోలేదు. వీధిలో తీగలు పంచే ఏ డీపీ బాక్సులో ఏ జత చెడిందో పాత లైన్‌మన్‌కి నోటికొచ్చేది. 2020 జనవరి 31న ఒక్కరోజే బీఎస్ఎన్ఎల్ నుంచి 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ మీద ఇళ్లకు వెళ్లారు. జీతాల ఖర్చు తగ్గిందని సంబరపడ్డారు. వాళ్లతో పోయిన పనితనాన్ని ఏ పద్దులో రాసుకున్నారో మరి!

"ఫైబర్ పెట్టించుకోండి" అంటారు. మంచిదే, కాంతికి రేడియో రొద అంటదు. మరి ఫైబర్ రాని వీధిలో నెలనెలా బిల్లు వసూలు చేసుకుంటూ, రాగికి కాలం చెల్లిందండీ అంటే కుదురుతుందా? బిల్లుకు చెల్లని కాలం రిపేరుకే చెల్లిపోయిందా? మూడు పనిదినాల్లో బాగుచెయ్యకపోతే అద్దెలో తగ్గింపు ఇవ్వాలని 2006లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన రాసింది. అడిగినవాళ్లెందరు? అడక్కుండా ఇచ్చినవాళ్లెవరు?

అందుకని, రాగి లైను ఇంకా ఉన్నవాళ్లకు ఒక మాట. ఇంట్లో ఫోన్లన్నీ పీకేసి, తీగ ఇంట్లోకొచ్చే మొదటి సాకెట్‌కే మోడెమ్ తగిలించి చూడండి. అప్పటికీ తెగుతుంటే తప్పు చాలావరకు బయటిదే. మోడెమ్ సెట్టింగుల పేజీలో ఎస్ఎన్ఆర్ మార్జిన్ అని, రొదను తట్టుకోవడానికి లైన్లో ఎంత మిగులుందో చెప్పే అంకె ఉంటుంది. అది 6 డెసిబెల్స్ కిందికి జారితే లైన్ నిలవడం కష్టం. ఆ అంకె ఫోటో తీసి ఫిర్యాదుకు జతచెయ్యండి. లైన్ పరీక్షలో ఎంత వచ్చిందో రాసివ్వకుండా ఎవరైనా ఫిర్యాదు మూసేస్తామంటే ఒప్పుకోకండి.