విందులో పోర్ట్ వైన్ - అది ఏ 'మందు'?

జగిత్యాల జిల్లా బీర్పూర్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. దుబాయిలో పనిచేసే మరిది సెలవు మీద వస్తూ ఒక పోర్ట్ వైన్ సీసా తెచ్చాడట. పుట్టిన బిడ్డను తొట్టెలో వేసే రోజున ఇరవై మందికి దావత్ పెట్టుకున్నారు. ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు. ఈ వైన్ ఏ వంటకాలతో బాగుంటుంది? బాలింత అయిన తోటికోడలికి రోజూ రెండు చెంచాలు పోస్తే రక్తం పడుతుందని పెద్దలంటున్నారు, నిజమేనా? షుగరు ఉన్న అత్తగారు "ద్రాక్షరసమే కదా" అంటున్నారు, ఇవ్వవచ్చునా?

గల్ఫ్ నుంచి పెట్టెలు దిగే ప్రతి ఊళ్ళోనూ వచ్చే ప్రశ్నలే ఇవి. మన భాషలో జబ్బుకు వేసుకునేదీ మందే, గ్లాసులో పోసుకునేదీ మందే. పోర్ట్ వైన్ విషయంలో ఈ రెండూ కలిసిపోయాయి. ముందు వాటిని విడదీద్దాం.

అసలు ఇదేమిటి?

పోర్చుగల్ దేశపు ఉత్తర భాగంలో డోరో నది లోయ ఉంది. పోర్ట్ పుట్టిల్లు అదే. ఆ ద్రాక్షతోటల ప్రాంతానికి 1756లోనే హద్దులు నిర్ణయించారు. ఓపోర్టో రేవు నుంచి ఎగుమతి అయ్యేది గనుక ఆ పేరు వచ్చింది. ద్రాక్షరసం పులుస్తూ, అందులో చక్కెర ఇంకా చాలా మిగిలి ఉండగానే, ద్రాక్షసారాయి కలుపుతారు. దానితో పులియడం ఆగిపోతుంది. చక్కెర అలాగే మిగులుతుంది, సారాయి అదనంగా చేరుతుంది. అందుకే తీపీ ఎక్కువ, మత్తూ ఎక్కువ.

మామూలు వైన్‌లో ఆల్కహాలు నూటికి 12 నుంచి 14 పాళ్ళుంటే, పోర్ట్‌లో 19 నుంచి 22 పాళ్ళుంటుంది. అంటే 60 మిల్లీలీటర్ల పోర్ట్, 30 మిల్లీలీటర్ల విస్కీకి ఇంచుమించు సమానం. మగవాళ్ళు విస్కీ పుచ్చుకుంటూ, "ఇది తియ్యని వైనే, ఏం కాదు" అని ఆడవాళ్ళకు పెద్ద గ్లాసు నిండా పోర్ట్ పోస్తే, ఎవరు ఎక్కువ తాగినట్టో మీరే లెక్క వేసుకోండి. తీపి ఘాటును దాస్తుందేగాని తగ్గించదు.

గోవా 1961 దాకా పోర్చుగీసు పాలనలో ఉండేది. మన దేశంలో పోర్ట్ పేరుతో అమ్మే తియ్యని వైన్లన్నీ డోరో లోయవి కావు. కాబట్టి పేరు చూసి మోసపోక, సీసా మీద ఆల్కహాలు శాతం చదవండి.

ఏ తిండితో?

ఐరోపాలో పోర్ట్‌ను సాధారణంగా భోజనం ముగిశాక చిన్న గ్లాసుల్లో ఇస్తారు. తోడుగా ఘాటైన చీజ్, అక్రోటు పప్పు, చేదు చాక్లెట్ పెడతారు. ఉప్పదనం, కొవ్వు, కాస్త చేదు - ఈ మూడూ ఆ తీపికి జోడు కుదురుతాయి.

ఇదే సూత్రం మన విస్తరికీ పనికివస్తుంది. వేయించిన జీడిపప్పు, బాదం, ఉడికించిన పల్లీలు, కారం లేకుండా కాల్చిన పనీరు ముక్కలు పెట్టుకోవచ్చు. మన కరీంనగరు వైపు సకినాలలోని నువ్వులు, వాము రుచి కూడా దీనికి నప్పుతుంది; రక్తపోటు ఉన్నవారు మాత్రం రెండింటితో ఆపాలి. కారం దట్టించిన మటన్ కూర, బోటీ కూరలతో పోర్ట్ పొసగదు. ఆల్కహాలు తగిలితే నాలుక మీద కారపు మంట ఇంకా పెరుగుతుంది. ఆ మంట చల్లార్చుకోవడానికి మళ్ళీ గ్లాసు ఎత్తుతారు. డబల్‌కా మీఠా వంటి మరీ తియ్యని పదార్థం తిన్నాక పోర్ట్ పుల్లగా, చప్పగా తోస్తుంది.

కూరలో పోసి వండితే ఆల్కహాలంతా ఆవిరై పోతుందనుకోవడం పొరపాటు. పావుగంట ఉడికినా ఐదింట రెండు వంతులు మిగిలే ఉంటుంది. పిల్లలు తినే కూరలో అసలే పోయకండి.

వడ్డించే తీరు కూడా ముఖ్యమే. ఖాళీ కడుపుతో పుచ్చుకుంటే ఆల్కహాలు త్వరగా రక్తంలో కలుస్తుంది. ముందు బగారా అన్నం, పప్పు, పెరుగుతో భోజనం కానివ్వండి. తర్వాత అలవాటున్నవారికి మాత్రమే, 60 మిల్లీలీటర్లకు మించకుండా, పక్కనే మంచినీళ్ళ గ్లాసు పెట్టి ఇవ్వండి. వద్దన్నవారిని బలవంతపెట్టడం మర్యాద కాదు. ఆల్కహాలుకు పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. అలవాటు లేనివారు ఆరోగ్యం కోసమని కొత్తగా మొదలుపెట్టవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

కల్లు తాగి వచ్చిన అతిథికి పోర్ట్ పోయకండి. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రాజోలమ్ వంటి మత్తుమందులు కలిపిన సంగతి మన రాష్ట్రంలో ఎన్నోసార్లు బయటపడింది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. మత్తుమందుకు ఆల్కహాలు తోడైతే శ్వాస మందగిస్తుంది. నిద్రమాత్రలు వేసుకునేవారికీ ఇదే ప్రమాదం.

బాలింతకు రక్తం పడుతుందా?

పట్టదు. పూర్వం టానిక్కుల పేరిట వైన్లు అమ్మిన కాలం ఉంది. ఆ నమ్మకమే ఇంకా మిగిలింది. ఎర్రగా ఉన్నదల్లా రక్తమవదు. రక్తం పట్టడానికి కావలసింది ఇనుము. వైన్‌లో అది అత్యల్పం. పైగా ఎర్ర వైన్‌లోని టానిన్లు, టీలోని టానిన్ల మాదిరిగానే, ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి.

తల్లి రక్తంలో ఆల్కహాలు ఎంత ఉంటే పాలలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. ఒక చిన్న గ్లాసు ప్రభావం పోవడానికే రెండు మూడు గంటలు పడుతుంది. పాలు దిగడం కూడా తగ్గుతుంది. నెల నిండని బిడ్డ కాలేయం దాన్ని అరిగించుకోలేదు. రెండు చెంచాలే కదా అని రోజూ ఇస్తే, అలవాటు తల్లికీ, నష్టం బిడ్డకూ.

ఆమెకు కావలసిన అసలు మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. ప్రసవమైన తర్వాత 180 రోజులు, రోజుకొక ఐరన్-ఫోలిక్ ఆసిడ్ మాత్ర వేసుకోవాలి. నిమ్మరసంతోగాని, జామకాయతోగాని పుచ్చుకుంటే బాగా పడుతుంది. టీతో వేసుకోకూడదు. మలం నల్లబడితే భయపడవద్దు, అది మాత్ర రంగే. మేక కాలేయం, మాంసం, ఆకుకూరలు, పప్పులు పెట్టండి. పథ్యం పేరుతో వాటిని మాన్పించకండి. ఆయాసం, గుండెదడ, ముఖం పాలిపోవడం ఉంటే వెంటనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

షుగరు ఉన్న అత్తగారికి?

ఇవ్వకండి. 60 మిల్లీలీటర్ల పోర్ట్‌లో ఇంచుమించు ఆరు గ్రాముల చక్కెర ఉంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం తర్వాత వస్తుంది. కాలేయం ఆల్కహాలును వదిలించుకునే పనిలో పడి, రక్తంలోకి చక్కెర విడుదల చేయడం తగ్గిస్తుంది. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వాడేవారిలో అప్పుడు రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చాలాసార్లు ఇది అర్ధరాత్రి జరుగుతుంది. చెమటలు, వణుకు, తడబడే మాట చూసి, "కాస్త ఎక్కువైంది, పడుకోనివ్వండి" అంటారు. ఆ మాటతోనే ప్రాణాలు పోతాయి. స్పృహ ఉంటే వెంటనే చక్కెర నీళ్ళు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి.

క్షయకు మందులు వాడేవారు, కామెర్లు వచ్చి తగ్గినవారు, గర్భిణులు, పిల్లలు కూడా దీని జోలికి పోకూడదు. గ్లాసు పట్టినవారు ఆ రాత్రి మోటారుసైకిలు ఎక్కకూడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టరీత్యా నేరం. అంతకంటే తక్కువలోనూ చూపు, చెయ్యి తడబడతాయి.

కాబట్టి సోదరీ, ఆ సీసాను విందు బల్ల మీద పెట్టుకుంటారో లేదో మీ ఇష్టం. మందుల అలమరలో మాత్రం పెట్టకండి. ఐరన్ మాత్రలు ఈ రోజే తెప్పించండి.