డెట్రాయిట్ కేసులో లాయర్ దక్కింది ఎవరికి?

అమెరికాలో ఫెడరల్ ప్రాసిక్యూటర్ అంటే మన ఊరి కోర్టులో పీపీగారి లాంటివాడే అనుకుంటారు మనవాళ్లు చాలామంది. మన దగ్గర పోలీసులు చార్జిషీటు వేశాక పీపీకి పని మొదలవుతుంది. ఇక్కడలా కాదు. పెద్ద కేసుల్లో దర్యాప్తు నడుస్తుండగానే ప్రాసిక్యూటర్ ఏజెంట్లతో కలిసి కూర్చుంటాడు. ఎవరి మీద కేసు పెట్టాలి, ఎవర్ని వదిలెయ్యాలి, ఏ సెక్షన్ అడగాలి అన్నది ఆ ఆఫీసు ఇష్టం. గ్రాండ్ జ్యూరీ ముందుకు వెళ్లేదీ వాళ్లే. దేశంలో 94 ఫెడరల్ జిల్లాలుంటే యూఎస్ అటార్నీ పదవులు 93 (గువాం, నార్తర్న్ మరియానా దీవులకి కలిపి ఒక్కటే).

మిషిగన్ తూర్పు జిల్లా ఆఫీసు డెట్రాయిట్‌లో ఉంది. 2019 జనవరి ఆఖర్లో ఆ ఆఫీసు పేరు తెలుగిళ్లల్లో మోగిపోయింది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు గుర్తుందిగా! పాఠాల్లేవు, పంతుళ్లు లేరు. నడిపింది హోంలాండ్ సెక్యూరిటీ ఏజెంట్లే. కమీషన్ తీసుకుని స్టూడెంట్లని చేర్పించారని ఎనిమిదిమంది మీద వీసా మోసం కుట్ర కింద అభియోగాలు పెట్టారు. ఎనిమిదిమందీ నేరం ఒప్పుకున్నారు, జైలుశిక్షలు పడ్డాయి. ఆ ఏడాదిలో ఇమిగ్రేషన్ కింద అరెస్టయిన స్టూడెంట్లు దాదాపు 250 మంది.

మనవాళ్లు గమనించనిది ఒకటుంది. క్రిమినల్ కేసు పడినవాడికి డబ్బుల్లేకపోతే కోర్టే లాయర్‌ని ఇస్తుంది. కమీషన్ తిన్నవాళ్లకి ఆ హక్కు ఉంది. క్రిమినల్ కేసే లేని కుర్రాళ్లకి మాత్రం లేదు, ఎందుకంటే వాళ్లది ఇమిగ్రేషన్ కోర్టు. అక్కడ లాయర్ కావాలంటే సొంత జేబులోంచే. తల తాకట్టు పెట్టి ఫీజు కట్టినవాడు లాయర్‌కి ఎక్కడ తెస్తాడు? ఎక్కువమంది మాట్లాడకుండా ఇండియా విమానం ఎక్కేశారు.

అందరూ అమాయకులని నేననను. క్లాసుల్లేని కాలేజీలో ఎందుకు చేరామో కొందరికి బాగానే తెలుసు. ప్రాసిక్యూటర్లు చెప్పిందీ అదే. కానీ ఆ కాలేజీ పేరు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఆమోదం పొందినవాటి జాబితాలో ఉంది. నమ్మించిందీ వాళ్లే, ఫీజు పుచ్చుకున్నదీ వాళ్లే. దొంగని పట్టడానికి వల వెయ్యొచ్చు, తప్పులేదు. వలలో పడ్డ ప్రతివాడి దగ్గరా ఫీజు గుంజడం మాత్రం నాకు న్యాయంగా తోచదు. ఆ ఫీజుల మీద ఒక స్టూడెంట్ దావా వేస్తే కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పుని తిప్పికొట్టి దావా నడవొచ్చంది.

ఇంకో సంగతి, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి. కన్సల్టెన్సీ మీద విచారణ అంటూ ఏజెంట్లు తలుపు తట్టారనుకోండి. ఓనరుగారు మనవాడే కదా, కాపాడదాం అని లేని క్లయింటుని ఉన్నాడని చెప్పొద్దు. ఫెడరల్ ఏజెంటుకి తెలిసి అబద్ధం చెప్పడమే విడిగా నేరం, అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. అప్పటిదాకా మీరు సాక్షి. ఆ ఒక్క మాటతో నిందితుడు. "లాయర్‌తో మాట్లాడాక చెబుతాను" అంటే మర్యాదకేం లోటు లేదు, నేరమూ కాదు. తర్వాత ఆ ఓనరే ప్రాసిక్యూటర్‌తో బేరం కుదుర్చుకుని మీ మీదే సాక్ష్యం చెప్పొచ్చు. ఇక్కడ అది మామూలే.