సంతకం పెట్టని వారసులం

టెక్సాసులో ఉన్న మా అన్నయ్య (బాబాయిగారి పెద్దబ్బాయి) మొన్న సంక్రాంతికి ఒక ఫోటో పంపాడు. రెమింగ్టన్ మోడల్ 8. జాన్ బ్రౌనింగ్ డిజైను, 1906లో అమ్మకానికొచ్చిన సెమీ ఆటోమేటిక్ వేట రైఫిల్. పేలగానే గొట్టం, బోల్టు కలిసి వెనక్కి జారతాయి. గొట్టం ముందుగా తిరిగొస్తుంది, బోల్టు వెనకాలే వస్తూ తర్వాతి తూటా ఎక్కిస్తుంది. ముచ్చటైన యంత్రమే, కాదనను. నేను టెస్టింగ్ పనిలో ఉన్నవాణ్ణి, ఇలాంటివి చూస్తే ఎక్కడ ఇరుక్కుంటుందా అని రాత్రంతా ఆలోచిస్తాను. దీనికి బెల్జియంలో ఒక తోబుట్టువుంది, ఎఫ్‌ఎన్ 1900. మొత్తం అయిదు వేలు కూడా తయారవలేదు. అన్నయ్య ఇప్పుడు దానికోసం వెతుకుతున్నాడట. ఫోటో కింద రాశాడు: "మన తాతల వారసత్వం".

అక్కడే నాకు ఒళ్ళు మండింది.

తాతయ్య జన్మలో సెమీ ఆటోమేటిక్ ముట్టుకోలేదు. మెట్టకూరు ఇంట్లో ఉండేది జంట గొట్టాల తుపాకీ. యానాంలో ఫ్రెంచివాళ్ళ పాలన 1954లో ముగిసే ముందు కొన్నది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక కోరంగి మడల్లో పిట్టల వేట మానేశారు. ఆ తర్వాత నూనె రాయడానికే అది బయటికొచ్చేది. నేను గంగావతి దగ్గర క్యాంపులో పుట్టి కన్నడ మీడియంలో చదివినవాణ్ణి. వేసవి సెలవుల్లో ఆ నూనె వాసనే నాకు మెట్టకూరు.

తాతయ్య పోయాక దాన్ని డిపాజిట్ చేశాం. ఒక వారసుడి పేరుకి మార్చాలంటే మిగతావాళ్ళు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఏడు సంతకాలకి నాలుగే వచ్చాయి. గడువు దాటితే అది సర్కారుది. పెద్దత్తయ్య ఈ వయసులో ఫైలు పట్టుకుని ఒక్కరే తిరుగుతున్నారు.

"ఇండియాలో రూల్సు కష్టంరా" అంటాడు అన్నయ్య. ఏ రూలు? 2019 సవరణ మనిషికి మూడు తుపాకులున్న పరిమితిని రెండుకి తగ్గించింది, వారసత్వంగా వచ్చినదాన్ని కూడా అందులోనే లెక్కేసింది. మనలో ఇక్కడ ఒక్కటైనా ఉన్నవాడెవడు? 1980ల నడుమ నుంచి మామూలు పౌరులకి విదేశీ తుపాకుల దిగుమతి లేదు, కాబట్టి పోతే ఇంకోటి తెచ్చుకోలేం. నీ మోడల్ 8 లాంటిదైతే ఇక్కడ మామూలువాడికి లైసెన్సే దొరకదు. ఇది దొరుకుతుంది.

పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఎందుకని చిన్నొదిన అడిగింది. న్యాయమైన మాటే. అమ్మేద్దాం, లేదా ఏదైనా మ్యూజియానికిద్దాం. దానికైనా ముందు సంతకాలు కావాలి కదా!

కాగితం మళ్ళీ అందరికీ పంపుతున్నాను. అమెరికాలో ఉన్నవాళ్ళు కాన్సులేటులో అటెస్టు చేయించాలి. అన్నయ్యా, ఆ రైఫిల్ కోసం మూడు రాష్ట్రాలు కారేసుకుని తిరిగానని నువ్వే రాశావు. హ్యూస్టన్ కాన్సులేటు మీ ఇంటికి నలభై నిమిషాలు.